పక్వానికి రాని దుఃఖం

మా శాఖని ఎవరైనా చులకన చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. టీ కొట్టు బల్ల మీద కాళ్లాడించుకుంటూ "ఈ ఆఫీసులవాళ్లు ఏం పొడిచారండీ" అని అడిగే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకి నా జవాబు ఒకటే. మనిషి దుఃఖాన్ని గాజు పలక మీద వేసి కొలిచిన మొట్టమొదటి ఆఫీసు మాది. తక్కిన లోకమంతా ఇంకా ఎదుటివాడి మొహం చూసి, అయ్యో అనుకుని, ఇంత అన్నం పెట్టి పంపించే మోటు పద్ధతిలోనే ఉంది. మేం ఆ దశ ఎప్పుడో దాటేశాం.

నా పేరు భావనారాయణ. తుపాను బాధితుల పునరావాస శాఖ జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. అంతా నా కళ్లముందే జరిగింది కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

మా జిల్లాకి సముద్రం ఉంది, అంచేత తుపానులూ ఉన్నాయి. ఆ ఏడు వచ్చింది కాస్త గట్టిగానే వచ్చింది. గవ్వలపేట అనే పల్లెకారుల ఊరు ఊరంతా నేలమట్టమైంది. బతికి బయటపడ్డవాళ్లని హైస్కూలు వరండాలో పెట్టారు. ప్రభుత్వం ఊరికి ఎగువన, మెరక మీద, వాళ్లకోసం కాలనీ కట్టించింది. సిమెంటు స్లాబు, ఒక గది, పక్కన చిన్న వంటగది, ముందొక తలుపు. కట్టడం అయిపోయింది, తాళాలు కూడా పడ్డాయి. ఇళ్లు ఎవరికివ్వాలో తేల్చడమే మిగిలింది.

చవకబారు ఆఫీసరైతే ఇల్లు పోయినవాడికి ఇల్లిచ్చేసి చేతులు దులుపుకునేవాడు. మా డైరెక్టరు పరాంకుశం గారు అలాంటి మనిషి కాదు. మీటింగు పెట్టి, కళ్లజోడు తీసి, టేబులు మీద ఉంచి మొదలుపెట్టారు.

"ఇల్లు కూలుట అనునది కేవలం భౌతిక నష్టం. ప్రభుత్వం ఆదుకోవలసింది దుఃఖంలో ఉన్న మనిషిని. ఇల్లు కూలినా దుఃఖపడని మనిషికి ఇల్లిస్తే అది దుర్వినియోగం కిందికి వస్తుంది. కావున ముందుగా దుఃఖమును నిర్ధారించవలసి ఉన్నది."

"నిర్ధారించవలసి ఉన్నదండి," అన్నారు డిప్యూటీ డైరెక్టరు కోదండపాణి గారు. పైవాడి మాటలో ఆఖరి ముక్క అందుకుని తిరిగి వాడికే అప్పజెప్పడం ఆయన ఉద్యోగం. ముప్ఫయ్యేళ్లుగా అదే చేస్తూ ఇంతవాడయ్యారు.

దుఃఖాన్ని దేంతో కొలవాలన్న ప్రశ్నకి జవాబు మా గోడౌనులోనే ఉంది. అంతకుముందెప్పుడో తోటల శాఖవాళ్లు మార్చి నెలాఖరున బడ్జెట్టు మురిగిపోతుందని హడావిడిగా కొన్ని పెట్టెల నిండా రిఫ్రాక్టోమీటర్లు కొన్నారు. ద్రాక్షపళ్లలో తీపి ఎంతుందో చూసే సాధనాలవి. మా జిల్లాలో ద్రాక్ష పండదు. ఆ సంగతి వాళ్లకి సరుకు దిగాక తెలిసింది. చోటు లేదని పెట్టెలు మా గోడౌనులో పడేసి పోయారు.

చూడ్డానికి చిన్న పిల్లల దుర్భిణిలా ఉంటుంది. ఒక కొసన కంటికి ఆనించుకునే రబ్బరు గిన్నె, రెండో కొసన ఏటవాలుగా కోసిన గాజు, దాని మీద ఒక మూత. గాజు మీద రసం చుక్క వేసి, మూత మూసి, వెలుగు వైపు ఎత్తి చూడాలి. లోపల గుండ్రటి బొమ్మలో పైసగం నీలంగా, కిందిసగం తెల్లగా కనిపిస్తుంది. ఆ రెండూ కలిసే చోట అంకె చదవాలి. నీళ్లగ్లాసులో చెంచా పెడితే విరిగినట్టు కనిపిస్తుంది కదా, వెలుగు నీళ్లలో దిగగానే వంగుతుంది కనక. ఆ నీళ్లలో పంచదార కరిగి ఉంటే వెలుగు మరికాస్త వంగుతుంది. వంపు ఎంతో తెలిస్తే కరిగిందెంతో తెలుస్తుంది. ఇదీ శాస్త్రం, ఇందులో తప్పులేదు.

పరాంకుశం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ తర్వాత మా శాఖ చరిత్రలో నిలిచిపోయే మాట అన్నారు.

"కన్నీరనగా నేమి? దుఃఖం కరిగిన నీరు. దుఃఖం ఎంత కరిగితే వెలుగు అంత వంగవలెను."

కోదండపాణి గారు పరికరం వచ్చిన డబ్బా చేతిలోకి తీసుకుని నసిగారు. "దీనిమీద ద్రాక్షపళ్లున్నాయండి."

"ద్రాక్షపళ్లు కాదు. కన్నీటి బొట్లు. వేసినవాడు విదేశీ చిత్రకారుడు కదా, కొంచెం కళాత్మకంగా వేశాడు."

"ఆకు కూడా ఉందండి."

"అది ఆకు కాదయ్యా, చేతిరుమాలు."

డిప్యూటీ గారు మళ్లీ డబ్బా చూసి, రుమాలేనండి అని ఒప్పుకున్నారు. లోపల ఇంగ్లీషులో ఒక కరపత్రం ఉంది. పదహారు గీత దాటితే పక్వానికి వచ్చినట్టు లెక్క, అప్పుడు కోసుకోవచ్చు అని అందులో రాసుంది. పరాంకుశం గారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. "చూశారా, విదేశాల్లో ఎప్పుడో తేల్చేశారు. పదహారు లోపలున్నది పచ్చి దుఃఖం. పచ్చి దుఃఖానికి ప్రజాధనంతో కట్టిన ఇల్లు ఎట్లా ఇస్తాం?" అన్నారు. అంకెల పక్కన బ్రిక్స్ అని ఏదో కొలత పేరు ఉంటే, అది ఇంగ్లీషువాళ్లు దుఃఖాన్ని కొలిచే మానమని ఆయనే వివరించారు. వాళ్లు దేన్నయినా కొలిచిగానీ వదలరనేది నిజమే కాబట్టి మాకు అనుమానం రాలేదు.

హైస్కూలు ఆవరణలో పరీక్షల క్యాంపు పెట్టాం. వేపచెట్టు కింద కుర్చీ, కుర్చీలో బాధితుడు, ఎదురుగా రిఫ్రాక్టోమీటరు పుచ్చుకుని కోదండపాణి గారు. పక్కన నేను, అంకె రాసుకోవడానికి. ముందు మినరల్ వాటరు చుక్కవేసి, చిన్న స్క్రూ తిప్పి సున్నా పెట్టేవాళ్లం. ఆ తర్వాత "కానీయండి, ఏడవండి" అని పిలిచేవాళ్లం.

ఏడ్చారు పాపం. ఇల్లు, పడవ, పెంటి మేక, పెట్టెలో దాచుకున్న పెళ్లిచీర, అన్నీ తలుచుకుని ఏడ్చారు. ఒక ముసలాయన గుండెలు బాదుకుంటూ నేలమీద పడి దొర్లాడు. డిప్యూటీ గారు ఆయన చెంపమీంచి చుక్క పట్టి చూస్తే రెండో గీత దగ్గరే ఆగిపోయింది. "ఇంత చప్పుడుకి ఇంతేనా తాతా," అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. అందరిదీ అంతే. పిల్లని పోగొట్టుకున్న తల్లిదీ రెండో గీతే, కోడి పోయినవాడిదీ రెండో గీతే. గవ్వలపేట మొత్తమ్మీద పక్వానికి వచ్చిన దుఃఖం ఒక్కటీ దొరకలేదు.

చోడిపల్లి మసేనమ్మ వంతొచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి, మనిషి ఎండకి కమిలిపోయి ఉంది. తుపాను రోజున ఇంటి దూలం కూలి ఆమె మొగుడు పైడయ్య దానికిందే పోయాడు. ఇప్పుడామెకి ఉన్నది అతని తల్లి ఒక్కతే, ఆ ముసలామె వరండాలో గోనెపట్టా మీద పడుకుని దగ్గుతూ ఉంటుంది. బళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. వరండా ఖాళీ చేయాలని హెడ్మాస్టరు రోజూ వచ్చి చెప్పి పోతున్నాడు. వానలు కూడా వచ్చేలా ఉన్నాయి. కాలనీలో ఇల్లు రాకపోతే అత్తనెత్తుకుని చెట్టుకిందికి పోవడమే ఆమె గతి.

మసేనమ్మ కుర్చీలో కూర్చుని కళ్లు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"ఏడవమ్మా," అన్నారు డిప్యూటీ గారు.

"రాదు బాబూ."

"రాదంటే ఎలా? మీ ఆయన్ని తలుచుకో. దూలం తలుచుకో."

"తలుసుకుంతానే ఉన్నాను బాబూ. రాదు. ఆడు పోనకాడ్నించీ రాలేదు. నానేటి సెయ్యను."

ఆయన వంగి ఆమె కంటికింద పరికరం పెట్టి, ఆశగా కాసేపు చూశారు. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. చివరికి నడుం పట్టేసి లేచి నిలబడి, నావైపు తిరిగి రూలు చదివినట్టు చెప్పారు. "నమూనా సమర్పించనివారు దుఃఖం లేనివారుగా పరిగణించబడుదురు. రాయండి."

రాశాను. రాయడమే కదా నా పని. ఆమె లేచి చీర కుచ్చెళ్లు దులుపుకుని, "అయితే ఇల్లో?" అని అడిగింది. దుఃఖం వచ్చాక రమ్మన్నారు డిప్యూటీ గారు, ఎంతో మర్యాదగా.

అలా ఉండగా మా ఆఫీసు ఎదురుగా టీ కొట్టు నడిపే గవిరేసుకి అదృష్టం పట్టింది. ఒకరోజు కోదండపాణి గారు పరికరాన్ని బల్ల మీద పెట్టి టీ తాగుతుంటే గ్లాసు తొణికి గాజు మీద చుక్కలు పడ్డాయి. ఆయన డబ్బులిచ్చే హడావిడిలో ఉంటే గవిరేసు సరదాకి తీసి చూశాడు. నీలం గీత ఎక్కడికో పైకి ఎగబాకి ఉంది. గవిరేసు టీలో పంచదార ఎంత వేస్తాడో ఊరందరికీ తెలుసు. వాడు నోరెత్తలేదు. మర్నాడు కొట్లో చిన్న చిన్న సీసాలు వెలిశాయి. లోపల వడగట్టిన పంచదార పాకం. పరీక్షకి ముందు కంట్లో రెండు చుక్కలు వేసుకోవాలి. సీసాకి వాడు చెప్పిందే ధర.

గవ్వలపేట వాళ్లకి ఆ ధర అందలేదు. అందినవాళ్లు వేరే ఉన్నారు. మొదట మండలం పెద్ద ఒకాయన వచ్చారు. ఆయన మేడకి తుపానులో ఒక్క సున్నపు పెచ్చు కూడా రాలలేదు. కుర్చీలో కూర్చుని రెండుసార్లు కళ్లార్పారు, అంతే, ఇరవై దాటింది. కోదండపాణి గారు వెంటనే డైరెక్టరు గారికి కబురంపారు. కబురందుకున్న పరాంకుశం గారు పరుగున వచ్చి, స్వయంగా చూసి, ఆ పెద్దాయన భుజం మీద చెయ్యేశారు.

"మేడలోనే ఉంటూ కూడా ప్రజల కష్టానికి ఇంతగా లోలోపల కుమిలిపోయారన్నమాట. దుఃఖం పాకాన పడింది."

పాకానే పడింది. ఆయన ఇంటికి వెళ్లి పడక కుర్చీలో కునుకు తీస్తుంటే కనుకొలకుల్లోకి చీమలు బారు కట్టాయని వాళ్ల పాలేరు చెప్పాడు. కాలనీలో మొదటి వీధి మొత్తం ఇలాంటి పక్వ దుఃఖితులకే పోయింది. వాళ్లెవరూ అక్కడ కాపురముండలేదు. ఒకాయన రొయ్యల మేత బస్తాలు వేసుకున్నాడు, ఒకాయన మోటారు సైకిలు పెట్టుకున్నాడు. మాకు అభ్యంతరం లేకపోయింది. ఇల్లు దుఃఖానికిచ్చాం గానీ కాపురానికివ్వలేదు కదా.

గవిరేసు మరీ అంత దుర్మార్గుడు కాడు. మసేనమ్మ రోజూ మా ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం చూసి ఒకరోజు సీసా తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. నేను కిటికీలోంచి వింటూనే ఉన్నాను.

"అప్పా, నీకు ఊరికే ఇత్తన్నాను. రెండు సుక్కలు. కళ్లు మండుతాయి గానీ ఇల్లొచ్చేత్తది."

మసేనమ్మ సీసా చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. "ఇదేట్రా?"

"పంచదార పాకం."

"ఆడు పోయినందుకు నా కంట్లో పాకం పోసుకోమంటావేట్రా గవిరేసూ? నాకు ఏడుపొత్తే ఏడుత్తాను. రాకపోతే నేదు. ఆడిపేరు సెప్పుకుని తీపి కన్నీళ్లు కార్సనేను." సీసా వాడి చేతిలో పెట్టేసి, మళ్లీ మెట్టు మీద సర్దుకుని కూర్చుంది. గవిరేసు తలొంచుకుని కొట్లోకి పోయాడు.

ఇంతటి ఘనకార్యం చేసినందుకు పరాంకుశం గారిని ప్రమోషను మీద రాజధానికి పిలిపించుకున్నారు. ఆయన స్థానంలో భుజంగరావు గారని కొత్త డైరెక్టరు వచ్చారు. వచ్చారనడం కన్నా తెచ్చి పడేశారనడం సబబు. అంతకుముందు ఆయన చాలా మంచి కుర్చీలో ఉన్నారు. ఎవరి దారికో అడ్డొచ్చారని మా మూలకి తోశారు. చార్జి తీసుకున్న రోజే చీమల సంగతి ఆయన చెవిన పడింది. టీ కొట్టు ఎత్తించేశారు. పరీక్షకి ముందు బాధితుల కళ్లు మంచినీళ్లతో కడిగించాలని ఆర్డరేశారు. ఆయన తెలివైనవాడని ఆ ముక్కతోనే మాకు అర్థమైంది. ఆ తెలివి ఎంత దూరం పోతుందో మాత్రం తెలియలేదు.

"ఈ పరికరానికి సున్నా దేనితో పెడుతున్నారు?" అని అడిగారు మొదటి మీటింగులో.

"మినరల్ వాటరుతోనండి," అన్నారు కోదండపాణి గారు.

"మినరల్ వాటరు ఏ క్యాడరు?"

డిప్యూటీ గారు నీళ్ల డబ్బా మీద లేబులు చదవబోయారు. భుజంగరావు గారు లేచి నిలబడ్డారు. "కార్యాలయంలో ప్రతిదీ అధికారితో మొదలవుతుంది. హాజరుపట్టీలో మొదటి పేరు అధికారిది, ఫొటోలో మధ్య కుర్చీ అధికారిది. అటువంటప్పుడు సున్నా ఒక నీళ్ల డబ్బాదా? పైగా అధికారి రాగద్వేషాలకు అతీతుడు. అతని కంట నీరు వచ్చినా అందులో దుఃఖం ఉండదు. కనుక ఇకమీదట సున్నాను అధికారి కన్నీటితో స్థిరపరచవలెను."

"స్థిరపరచవలెనండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్నారు. కన్నీరు రాలేదు. కోదండపాణి గారు పరికరం పట్టుకుని నిలబడి, ఏం చేయాలో తోచక, మాటవరసకి అడిగారు. "పాత చోట బంగళా ఉండేదటగదండీ?"

భుజంగరావు గారు నిటారుగా కూర్చున్నారు. "చుట్టూ తోట," అన్నారు.

"కార్లు కూడా రెండటండి."

"మూడు," అన్నారాయన. ఇక ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చారు. ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయింది, ఒక అధికారి అంత మనస్ఫూర్తిగా దేనికైనా చలించడం నేను చూడటం అదే మొదలు. డిప్యూటీ గారు జారిపోకుండా చుక్క పట్టి, మూత మూసి, స్క్రూ తిప్పి గీతని సున్నా మీదికి తెచ్చారు.

ఆ సున్నాతో మళ్లీ క్యాంపు పెట్టాం. వచ్చిన ప్రతివాడిదీ కళ్లు కడిగించి ఏడిపించి చూశాం. ప్రతి ఒక్కరిదీ సున్నాయే వచ్చింది. మనిషి కన్నీరు మనిషి కన్నీరే కదా, డైరెక్టరుదైనా జాలరిదైనా వెలుగుని ఒకేలా వంచుతుంది. ఇది నాకు అప్పుడు తోచలేదు, ఎవరికీ తోచలేదు. పరికరాలు పాడయ్యాయేమోనని భయపడుతూ కోదండపాణి గారు ఫలితాలు తీసుకెళ్లి డైరెక్టరు గారి ముందు పెట్టారు.

ఆయన చదువుతూ చదువుతూ చిరునవ్వు నవ్వారు. వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

"పాడవలేదు కోదండపాణీ. జిల్లాలో దుఃఖం లేదు. పరికరం అదే చెబుతోంది. నేను చార్జి తీసుకున్న కొద్దికాలానికే జిల్లాలో దుఃఖం సున్నాకి వచ్చింది. ఈ విషయం పైవారి దృష్టికి తేవలసి ఉన్నది."

తెచ్చారు. పైవారు సంతోషించారు. మా జిల్లాని దుఃఖరహిత జిల్లాగా ప్రకటించి సభ చేయమని ఆర్డర్సు వచ్చాయి. దుఃఖమే లేదు కాబట్టి కాలనీలో మిగిలిన ఇళ్లు ఎవరికీ అక్కర్లేదని తేలింది. వాటిని ఇతర జిల్లాల అధికారులు వచ్చి మా పద్ధతి నేర్చుకునే శిక్షణ కేంద్రంగా మార్చాలని నిర్ణయమైంది. సభ కూడా ఆ కాలనీలోనే.

షామియానా వేశారు. పూలకుండీలు తెచ్చారు. గవ్వలపేట వాళ్లని లారీలో తీసుకొచ్చి చప్పట్లు కొట్టడానికి ముందు వరసలో కూర్చోబెట్టారు. స్కూలు మర్నాడే తెరుస్తారు, అంచేత వాళ్లు మూటలు కూడా సర్దుకునే వచ్చారు. సముద్రం వైపు మబ్బు దట్టంగా పట్టి ఉంది. స్టేజీ మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. అదెవరికో నాకు అంతవరకూ తెలియదు.

భుజంగరావు గారు మైకు అందుకున్నారు. "ఈ జిల్లాలో పరీక్షలు ప్రారంభమైన నాటినుండి ఒక్కసారైనా కంట తడిపెట్టని ఆదర్శ మహిళ ఒకరున్నారు. భర్త మరణించినా, గృహం కూలినా, ఆమెయందు దుఃఖం లవలేశమైనా కానరాలేదు. దుఃఖరహిత జిల్లాకు ప్రతీకగా శ్రీమతి చోడిపల్లి మసేనమ్మను శాలువాతో సత్కరించడానికి శాఖ సంతోషిస్తున్నది."

ఆ పేరు ఆ ఫైల్లో ఎక్కించింది నా చేతులే. ఇద్దరు అటెండర్లు మసేనమ్మని రెక్క పట్టుకుని స్టేజీ ఎక్కించారు. కోదండపాణి గారు శాలువా కప్పారు. ఆమె ఆ శాలువా కొస పట్టుకుని చూసి, డైరెక్టరు గారి వైపు తిరిగింది. మైకు ఆయన ముందే ఉంది కాబట్టి ఆమె మాటలు అందరికీ వినిపించాయి.

"నా పెనిమిటి దూలం కింద పడి సచ్చిపోనాడు బాబూ. నాను సంతోసంగా ఉన్నానని సెప్పినారా ఇప్పుడు?"

"మేం చెప్పలేదమ్మా," అన్నారు భుజంగరావు గారు ఓర్పుగా. "పరికరం చెప్పింది. దానికి అబద్ధం తెలియదు." అని జనం చూసేలా రిఫ్రాక్టోమీటరు పైకెత్తి చూపించారు.

మసేనమ్మ చెయ్యి చాపి ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంది. మూత ఎలా తీస్తారో ఇన్నాళ్లుగా చూస్తూనే ఉంది. మూత తీసి, గాజు మీద ఖాండ్రించి ఉమ్మేసి, మూత మూసి తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదెంతో సూసి సెప్పు బాబూ."

ఏం జరిగిందో భుజంగరావు గారి బుర్రకెక్కే లోపల ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది. పరికరాన్ని వెలుగు వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశారు. కోదండపాణి గారు పెన్ను తీసి, "ఎంతండీ?" అని అడిగారు. డైరెక్టరు గారు అంకె చెప్పలేదు. గవ్వలపేట వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. జిల్లాలో దుఃఖం లేదన్న మాట ఆ నిమిషానికి మాత్రం నిజమే.

మసేనమ్మ శాలువా ఖాళీ కుర్చీ మీద వేసి స్టేజీ దిగింది. షామియానా వెనక ఉన్న ఇంటి దగ్గరికి పోయి, మిగిలిన కంకరలోంచి చేతికి పట్టే రాయి ఒకటి ఏరుకుని, తాళం మీద కొట్టింది. గుత్తేదారు వేయించిన తాళం కదా, మూడో దెబ్బకి ఊడి పడింది. అత్తని లారీ దగ్గర్నుంచి చంకకింద చెయ్యేసి నడిపించుకొచ్చి లోపల కూర్చోబెట్టింది. అది చూసి మిగతావాళ్లు కూడా మూటలెత్తుకుని లేచారు. అంతలో చినుకులు మొదలయ్యాయి. బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుళ్లు పూలకుండీలు తడవకుండా సర్దే పనిలో పడ్డారు.

భుజంగరావు గారు ఊరుకోలేదు. మర్నాడు ఉదయం ఆర్డరు వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషిని బలవంతంగా ఖాళీ చేయిస్తే శాఖకి చెడ్డపేరు వస్తుంది, కాబట్టి ముందుగా మసేనమ్మని పరీక్షించి, దుఃఖం లేదని మరొకసారి రూఢి చేసుకుని, ఆ పిమ్మట గెంటివేయవలెను. ఆ పనికి కోదండపాణి గారినీ నన్నూ వేశారు. వాన కుండపోతగా పడుతోంది. ఒకే గొడుగులో ఇద్దరం తడుస్తూ మెరక ఎక్కాం.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ముసలామె బయట, స్లాబు చూరు కింద గోనెపట్టా పరుచుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. దగ్గు కాస్త నెమ్మదించినట్టుంది. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తోంది.

క్యాంపులో విన్న ఏడుపులు వేరు. ఇది మొగుణ్ణి పేరుపెట్టి పిలిచి దెబ్బలాడుతోంది. వలలు తడిసిపోతే తడిసిపోనీ, లోపలికెళ్లకు అని మొత్తుకున్నానా లేదా పైడీ అని అడుగుతోంది. నా మాట ఎప్పుడిన్నావు గనక అంటోంది. ముసల్దాన్ని నా మీదికొదిలి పోనావు, గదిలో మూల కూడా కారడం లేదు సూడు, ఈ ఇంట్లో నువ్వు పడుకోవద్దేటి అంటోంది. నేను గొడుగు కర్ర గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నా జీతమూ, నా సీనియారిటీ, నా చేతిలో పెన్నూ అన్నీ ఒక్కసారి రోతగా అనిపించాయి.

కోదండపాణి గారి మొహం వెలిగిపోయింది. "నమూనా వచ్చిందయ్యా భావనారాయణా," అని గబగబా జేబులోంచి పరికరం తీసి, గాజు తుడిచి, మూత తెరిచి పట్టుకుని తలుపు తట్టారు.

"ఎవురూ?" అంది ముసలామె, మేం ఎదురుగానే ఉన్నా కళ్లకి ఆనక.

"పునరావాస శాఖ నుంచమ్మా. కోడల్ని తలుపు తియ్యమను. ఒక్క చుక్క చాలు."

"ఏడుత్తంది బాబూ," అంది ముసలామె. "ఇన్నాళ్లకి ఏడుత్తంది. ఏడవనీండి."

"అందుకేనమ్మా వచ్చింది," అని ఆయన మళ్లీ తట్టారు. తెరిచి పట్టుకున్న గాజు మీద వాన చుక్కలు పడుతున్నాయి. ఆయన రుమాలుతో తుడుచుకుంటూ, వినయంగా, మళ్లీ మళ్లీ తడుతూనే ఉన్నారు. లోపల ఏడుపు ఆగలేదు, ఆమె తలుపూ తీయలేదు.